నల్లబట్ట నాంపల్లికి వచ్చిన దారి

నా వృత్తి పేరు చెబితే ఎదుటివాళ్లు ఒక క్షణం ఆగి, అర్థమైనట్టు తలూపి, మాట మార్చేస్తారు. క్లియరింగ్ ఏజెంటు. విదేశం నుంచి వచ్చిన సరుకుని విమానాశ్రయంలోనో కంటైనర్ డిపోలోనో ప్రభుత్వం చేతుల్లోంచి విడిపించి, సొంతదారుకి అప్పగించే మనిషి. పెళ్లిచూపుల్లో మావారికి ఇదే మాట చెబితే "అంటే, కూలీ పనా?" అని అడిగారు. వాళ్లమ్మ ఆయన్ని కళ్లతోనే కసిరింది. నాకు మాత్రం కోపం రాలేదు. దాదాపు అంతే కదా అనిపించింది.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను చూడడానికి వస్తుంటారు. ఏ నిబంధన కింద ఏం చెయ్యాలో చెప్పమంటారు. నేను చెప్పను. నేను నేర్చుకున్నవాటిలో సగం ఇప్పుడు లేవు. మిగతా సగం వాళ్లు నేర్చుకునేలోపు మారతాయి. నేను చెప్పగలిగింది ఒక్కటే, ఇన్నేళ్లు ఆ గేటు దగ్గర నిలబడి ఏం చూశానో. చూసినదాని మీద ఆశ్చర్యం విరమణ తర్వాత కూడా తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నర్సింగరావు సాబ్

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే దారిలో, ఒక బూట్ల దుకాణం పైన రెండు గదులు మా ఆఫీసు. టైపిస్టుగా చేరాను. మా నాన్నగారు గుంటూరు జిల్లా మనిషి. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ప్రభుత్వోద్యోగిగా హైదరాబాదు వచ్చి కాచిగూడలో కిరాయి ఇంట్లో స్థిరపడ్డారు. ఆయన లెక్కలో ప్రభుత్వం చెయ్యలేని పని లేదు, ఇంకా ఫైలు తెరవని పనులు మాత్రం కొన్ని ఉన్నాయి. దేశంలోకి ఏం రావాలో, ఎంత రావాలో, ఎవరికి రావాలో ఢిల్లీలో చదువుకున్నవాళ్లు కూర్చుని నిర్ణయించడం నాకు సూర్యుడు తూర్పున ఉదయించినంత సహజంగా ఉండేది.

మా యజమాని నర్సింగరావు గారిని అందరూ సాబ్ అనేవాళ్లు. పాత హైదరాబాదీ కుటుంబం. ఉర్దూ ఎంత బాగా మాట్లాడేవారో తెలుగూ అంత బాగా మాట్లాడేవారు. నేను చేరిన కొత్తలో నాంపల్లిలో అచ్చు పని చేసే ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. ఆయన యంత్రంలో ఒక విడిభాగం విరిగింది. అది జర్మనీలో తప్ప దొరకదు. తెప్పించుకోవాలంటే లైసెన్సు కావాలి. దరఖాస్తు నేనే టైపు చేశాను. ఢిల్లీ నుంచి ప్రశ్న వచ్చింది: ఈ భాగం దేశంలో ఎవరూ తయారు చెయ్యడం లేదని రుజువేమిటి? జవాబు పంపాం. ఇంకో ప్రశ్న వచ్చింది. దానికీ పంపాం. చివరికి అనుమతి వచ్చిన రోజు సంబరంగా ప్రెస్సుకి వెళ్తే, ఆయన యంత్రాన్ని పాత ఇనుముకి అమ్మేసి ఆ గదిని స్కూటర్ల మెకానిక్కుకి కిరాయికి ఇచ్చేశాడు.

నాకు ఏడుపొచ్చింది. ఢిల్లీలో ఆ అధికారి ఎవరో గాని గుండె లేనివాడు అన్నాను.

"గట్లనకు బిడ్డా," అన్నారు సాబ్. "గాయన మంచోడే ఉంటడు. మన అర్జీ మంచిగ చదివిండు కాబట్టే గన్ని సవాళ్లు అడిగిండు. గాని గాయన ముంగట కాగితమున్నది, మిషన్ లేదు. ఆగిన మిషన్ ఎంత నిమ్మళంగ ఉంటదో గాయనకెట్ల ఎర్కైతది?"

పాడైన యంత్రం కేకలు పెట్టదు. దాని చుట్టూ ఉన్న మనుషులు నెమ్మదిగా వేరే పని వెతుక్కుంటారు. ఏ ఆఫీసుకీ ఆ సంగతి చేరదు. కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే: జరగకుండా పోయిన పని కంటికి కనిపించదు, దాన్ని చూడడం నేర్చుకోండి.

తలుపులు తెరిచినప్పుడు

చాలా సరుకులకి లైసెన్సులు ఎత్తేస్తున్నారని వార్త వచ్చిన ఉదయం సాబ్ పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. ముఖం పాలిపోయి ఉంది.

"ఇగ మన దుకాణం బంద్, విజయమ్మా. లైసెన్సే లేకుంటే మనతోని ఎవరికి పని? నువ్వు జర సర్కారు నౌకరీ చూస్కో."

అంత అనుభవం ఉన్న మనిషి అంత పొరపడడం నేను మళ్లీ చూడలేదు. మొదట్లో నిజంగానే పని పలచబడింది. తర్వాత ఒకరొకరే మెట్లెక్కి రావడం మొదలుపెట్టారు. అంతకు ముందు మా మెట్లు ఎక్కనివాళ్లు, ఎక్కాలన్న ఆలోచనే లేనివాళ్లు. పళ్ల డాక్టరు, వయొలిన్ తీగలు అమ్మే ఆయన, చేపల తొట్టెలు చేసే అన్నదమ్ములు, హిమాయత్‌నగర్‌లో కేకులు చేసి అమ్మే ఒకావిడ.

ఒకరోజు సాబ్ నన్ను వెంటబెట్టుకుని బేగంపేట విమానాశ్రయంలో సరుకులు దించే షెడ్డుకి వచ్చారు. అప్పటికి ఆయన మోకాళ్లు బాగా లేవు. అయినా కుర్చీ వద్దన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని పెట్టెల మధ్య నడుస్తూ ఒక్కోదాని మీద రాత చదివారు. సూక్ష్మదర్శినులు, కేకు అచ్చులు, బట్టల గుండీలు కుట్టే యంత్రం, చెవుడు ఉన్నవాళ్లు పెట్టుకునే మిషన్లు. షెడ్డు చివరిదాకా వెళ్లి ఆగారు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇన్నొద్దులు ఎవరూ అడుగుతలేరంటే జనానికి అక్కర లేదనుకున్న. అక్కర లేక గాదు బిడ్డా. అడగనియ్యలే."

ఈ కథలో అందరూ గెలిచారని చెబితే అది అబద్ధం. సాబ్ బావమరిది కాచిగూడలో రేడియోలు బిగించే చిన్న కార్ఖానా నడిపేవాడు. బయటి రేడియోలు వచ్చాక అది మూతబడింది. ఆయన ఆఫీసుకొచ్చి సాబ్ ముందు కూర్చుని, ఎవరికైనా చెప్పి ఆ సరుకు ఆపించమని బతిమాలాడు. సాబ్ ఆయనకి చాయ్ తెప్పించారు. ఇంకేదైనా పని మొదలుపెట్టే దాకా ఇంటి ఖర్చు తాను చూస్తానన్నారు, చూశారు కూడా. ఆయన వెళ్లాక నాతో అన్నారు: "నా బామ్మర్ది కోసం ఊరందరిని ఖరీదు రేడియో కొనమనాల్నా? గది న్యాయం గాదు. గాయనకు ఆసరా కావాలె, నేనిస్త. ఊరికి సజా ఎందుకు?"

వాణిజ్య విధానం మీద తర్వాత ఎంతోమంది ప్రసంగాలు విన్నాను. ఆ రోజు ఆయన చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. దెబ్బ తిన్న మనిషిని పట్టుకోవడం వేరు, తలుపు మూసెయ్యడం వేరు. మొదటిది ఖర్చు, అది కనబడుతుంది. రెండోదీ ఖర్చే. కాకపోతే ఎవరి జేబులోంచి పోతుందో వాళ్లకి కూడా తెలియదు.

షహనాజ్ బేగం

సాబ్ పోయాక ఆఫీసు నా చేతికి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకి ఒక మధ్యాహ్నం షహనాజ్ బేగం మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "సరుకు ఇడిపించేటి మేడం మీరేనా?" అంది. ఔనన్నాను. "మీ ఫీజు మస్తుంటదంట గదా. ముందుగాల గది మాట్లాడుకుందాం, తర్వాత కూసుంట."

అలా మొదలైంది మా స్నేహం.

ఆమెది నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో బురఖాలు కుట్టే కార్ఖానా. అంతకు ముందు సుల్తాన్ బజార్‌లో ఒక దుకాణానికి కుట్టిపెట్టేది. ఆ దుకాణం వాళ్లిచ్చే బట్ట రెండు ఉతుకులకే వెలిసి బూడిద రంగుకి తిరుగుతోందని, కొన్నవాళ్లు తనను తిడుతున్నారని ఆ పని మానేసి సొంతంగా పెట్టుకుంది. ఆమెకి కొరియాలో నేసే ఒక నల్లబట్ట కావాలి. చేతిసంచిలోంచి దాని ముక్క తీసి నా బల్ల మీద పరిచింది. నేను అంతవరకు నలుపు అంటే ఒకటే నలుపు అనుకునేదాన్ని. అది వేరు. వెలుతురు పడినా మెరవలేదు. పిడికిట్లో నలిపి వదిలితే నీళ్లలా జారి మళ్లీ సాఫీ అయిపోయింది.

"మస్కట్‌ల ఎండ ఎట్లుంటదో మీకెర్కేనా మేడం? గా ఎండల ఇది మొయ్యాలె. బరువుండొద్దు, ఒంటికి అతకొద్దు, రంగు దిగొద్దు. గిదొక్కటే నిలబడ్డది."

ఆమె కుట్టినవి బొంబాయిలో ఒక పెద్ద ఎగుమతిదారు ద్వారా మస్కట్ వెళ్లేవి. మొదటి కంటైనరు వచ్చిన రోజు డిపోకి తనూ వచ్చింది. తలుపులు తెరిచారు. లోపల వరసగా నల్లటి తాన్లు, గుహలో చీకటిని చుట్టలు చుట్టి పేర్చినట్టు. నేను చూస్తూ నిలబడిపోయాను. ఎక్కడో ఎడారిలో నేల కిందినుంచి తీసిన నూనె ఒక దేశంలో పాలియెస్టరు నూలైంది, ఇంకో దేశంలో బట్టయింది, రంగు పడింది. ఏ దేశాలవాళ్లో కలిసి నడిపిన ఓడలో సముద్రం దాటింది. నల్గొండ డ్రైవరు దాన్ని ఇక్కడికి తెచ్చాడు. నాంపల్లిలో కుట్టు పడుతుంది. చివరికి ఆ నూనె పుట్టిన ఎడారికే తిరిగి వెళ్లి, ఎవరో ఒకావిడ భుజాల మీద వాలుతుంది. వీళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. భాష ఒకటి కాదు, దేవుడు ఒకడు కాదు, చాలావరకు ఒకరి మీద ఒకరికి ప్రత్యేకమైన ప్రేమ కూడా లేదు. అయినా పని ఎంత మర్యాదగా చేతులు మారి వచ్చింది!

ఈ మాటే షహనాజ్‌తో అన్నాను. ఆమె శ్రద్ధగా విని, "గదంత సరే మేడం. కింది తాన్లు తడిసినయేమో జర చూడుండ్రి," అంది.

ధర పెంచు భాయ్

కార్ఖానా పెరిగింది. పక్క గది కూడా తీసుకుంది. మల్లేపల్లి నుంచి, ఆగాపురా నుంచి ఆడవాళ్లు పనికి వచ్చేవారు. అలా సాగుతుండగా ఆ రకం బట్టల మీద ఒక కొత్త నిబంధన వచ్చింది. ప్రభుత్వం నిర్ణయించిన ధరకన్నా చౌకగా కొన్న బట్టని దేశంలోకి రానివ్వరు. దీన్ని కనీస దిగుమతి ధర అంటారు. చౌక సరుకు వెల్లువలా వచ్చి ఇక్కడి మగ్గాలని ముంచెయ్యకుండా ఆపడం దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. నేను చూసిన ప్రతి నిబంధన వెనకా మంచి ఉద్దేశమే ఉంది.

అప్పటికే ఓడ మీద ఉన్న సరుకుకి మినహాయింపు దొరికింది. ఆ తర్వాతిది రావడానికి వీల్లేదు. షహనాజ్‌ని పిలిచి విషయం చెప్పాను. ఆమె చాలాసేపు అర్థం చేసుకోవడానికి ప్రయత్నించింది.

"అంటే, నేను సస్తగ కొంటున్నననే ఆపుతున్నరా?"

"అవును."

"మరి మాల్ ఎట్లొస్తది?"

"నువ్వు ఎక్కువ ధర ఇచ్చి కొంటే వస్తుంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గా కొరియా ఆయనకు నేను ఫోన్ చేసి, భాయ్, నువ్వు తక్కువ తీసుకుంటున్నవ్, జర ధర పెంచు భాయ్, అనాల్నా? గాయన నన్ను పిచ్చిదనుకోడా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు.

నేరుగా ఎగుమతి చేసేవాళ్లకి మినహాయింపు ఉంది. బొంబాయి ఎగుమతిదారుకి అది దొరుకుతుంది. అతని కోసం కుట్టే షహనాజ్‌కి దొరకదు. ఆమె తరఫున తెప్పించిపెట్టమని అడిగితే, అంత చిన్న పనికి తలనొప్పి ఎందుకని అతను వేరే చోట కుట్టించుకోవడం మొదలుపెట్టాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఒక నిజం చెప్పాలి. నిబంధన ఎంత చిక్కుగా ఉంటే మన ఆదాయం అంత బాగుంటుంది. ప్రతి కొత్త మినహాయింపుకీ అబిడ్స్‌లో మా అందరి ఆఫీసుల్లో ఒక కుర్చీ పెరిగేది. ఆ ఏడాది నాకు మంచి ఏడాది. మినహాయింపుల దారి తెలిసిన మనిషిని పెట్టుకోగలిగినవాళ్లు గట్టెక్కారు. పెట్టుకోలేనివాళ్ల మిషన్లు సాబ్ చెప్పినంత నిమ్మళంగా ఆగిపోయాయి. చిన్నవాళ్లని కాపాడడానికని వచ్చిన నిబంధన ఎప్పుడూ పెద్దవాళ్లకే ముందు అర్థమవుతుంది.

షహనాజ్ కార్ఖానాలో ఆడవాళ్లు తగ్గిపోయారు. అంచులు కుట్టడంలో ఆమెకి కుడిభుజంలాంటి రజియా కూడా ఒక మాల్‌లో ప్యాకింగ్ పనికి వెళ్లిపోయింది.

మురళీధర్

ఊరుకునే మనిషి కాదు షహనాజ్. ఒకరోజు వచ్చి, "మేడం, నాంపల్లి కచేరీకాడ నల్లకోట్లే నల్లకోట్లు. వకీళ్ల గౌన్లు ఎవరు కుడుతున్నరు?" అని అడిగింది. గౌనుకి మందంగా, నిలబడే బట్ట కావాలి. జారే బట్ట పనికిరాదు. ఆ రకం నేసేవాళ్లు తెలుసా అంది.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. పేరు మురళీధర్. నగరం శివార్లలో మరమగ్గాల కార్ఖానా. తాతల నాటి నుంచి నేతపనే. మగ్గాల విడిభాగాలు నా ద్వారానే తెప్పించుకునేవాడు. ఆమెని అక్కడికి తీసుకువెళ్లాను. దారంతా నాకు గుబులుగానే ఉంది. ఎందుకంటే కనీస ధర పెట్టమని ప్రభుత్వాన్ని అడిగింది మురళీధర్ వాళ్ల నేత కార్ఖానాల సంఘమే. ఆ సంగతి షహనాజ్‌కి చెప్పాలా వద్దా అని తేల్చుకునేలోపు కార్ఖానా వచ్చేసింది.

ఆమెకి తెలుసు. కూర్చోగానే అడిగింది.

"మా బట్ట ఆపిచ్చింది మీ సంఘమే గదా అన్నా?"

మురళీధర్ నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఔ. నేను గూడ దస్కత్ పెట్టిన."

"మరి గా బట్ట మీరు నేస్తరా? నేస్తే చెప్పుండ్రి, మీ కాడనే కొంట. నాకు కొరియా ఆయన చుట్టమేం గాదు."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. "ఒక తాను నేసి చూపిస్త," అన్నాడు.

నేశాడు. దానికి కొంత కాలం పట్టింది. స్వయంగా భుజాన వేసుకుని నాంపల్లి వచ్చాడు. షహనాజ్ ఒక ముక్క కత్తిరించి, బకెట్లో ముంచి, పిండి, దండెం మీద ఆరేసింది. ముగ్గురం చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఆరాక తీసి చూశాం. ముడతలు పడి, అంచులు బిగిసి, నలుపు మీద సన్నగా బూడిద చల్లినట్టుంది.

మురళీధర్ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "గా నూలు లేదక్కా నా కాడ. బైటికెల్లి తెప్పిద్దామంటే నూలును గూడ ఆపిచ్చిన్రు. నూలు మిల్లులోళ్లు అడిగి ఆపిచ్చుకున్నరు."

"మీరు మా బట్ట ఆపితిరి. గాళ్లు మీ నూలు ఆపిరి," అంది షహనాజ్. "మరి గాళ్లది ఎవరు ఆపిన్రో!"

అతను నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. వెళ్లేముందు, గౌన్లకి తగిన మందం బట్ట మాత్రం తన మగ్గాల మీద బాగా వస్తుందని చెప్పాడు. అది నిజమే. ఆ బట్టతోనే షహనాజ్ వకీళ్ల గౌన్లు మొదలుపెట్టింది. తర్వాత కాలేజీ పట్టా పండగల గౌన్లు కూడా.

హాలులో

నిబంధన గడువు దగ్గర పడుతుండగా, దాన్ని పొడిగించాలా వద్దా అని వ్యాపారుల అభిప్రాయం వినడానికి నాంపల్లిలో ఒక హాల్లో సమావేశం పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి తెలుగువాడే. ఓపిగ్గా వినే మనిషి. నేను షహనాజ్‌ని వెంట తీసుకెళ్లాను. మురళీధర్ తన సంఘం వాళ్లతో ముందు వరసలో కూర్చున్నాడు.

సంఘం అధ్యక్షుడు లేచి చాలా బాగా మాట్లాడాడు. దేశం, స్వావలంబన, నేతన్నల కడుపులు. చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే నాక్కూడా ఒళ్లు పులకరించింది. మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన ఉంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు.

చప్పట్లు ఆగాక మురళీధర్ లేచాడు. తమ అధ్యక్షుడి మాటని బలపరుస్తాడని అందరూ అనుకున్నారు.

"సార్, గా నల్లబట్ట మేం నేస్తమని మా సంఘం రాసింది. నేను దస్కత్ పెట్టిన. నేసి చూసిన. నాతోని గాలె."

అధ్యక్షుడు మెల్లగా, "మురళీ, కూసో," అన్నాడు.

"కూసుంట అన్నా. చెప్పి కూసుంట." అధికారి వైపు తిరిగాడు. "నాతోని కాని బట్టను నా పేరు మీద ఆపిన్రు సార్. గా బట్ట మీద బతికేటోళ్లు మా నాంపల్లిలనే ఉన్నరు, గీడ కూసున్నరు. గాళ్ల మిషన్లు బంద్ అయినయ్. నా మగ్గాలు ఎక్వ నడిశినయా అంటే, లేదు. నేనేం కోరుతున్ననంటే, నాకు నూలు రానియ్యుండ్రి. గాళ్లకు బట్ట రానియ్యుండ్రి. నాతోని అయ్యేది నేను నేసుకుంట."

కూర్చున్నాడు. పక్క కుర్చీ ఆయన తన కుర్చీని కొంచెం దూరం జరుపుకున్నాడు. ఎంతోమంది రక్షణ కావాలని అడగడం చూశాను. తన పేరు చెప్పి ఇంకొకరిని ఆపొద్దని అడిగిన మనిషిని అదే మొదటిసారి చూడడం. ఆ తర్వాత కూడా చూడలేదు.

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. షహనాజ్ వైపు తిరిగి, "మీరిప్పుడు ఈయన బట్టతో గౌన్లు కుడుతున్నారని విన్నాను. ఒక రకంగా ఈ నిబంధన వల్లే కదమ్మా మీ ఇద్దరూ కలిశారు?" అన్నారు. వెక్కిరింపుగా కాదు. నిజంగానే అడిగారు.

షహనాజ్ లేచి నిలబడింది. "ఇల్లు కాలితే రోడ్డు మీదికొస్తం సార్. రోడ్డు మీద ఎవరో మంచోళ్లు కలుస్తరు. అట్లని ఇల్లు కాలవెట్టినోళ్లకు షుక్రియా చెప్పాల్నా? మేమిద్దరం కలిసింది మీరు చూస్తున్నరు. నా కాడికెల్లి పోయిన ఆడోళ్లను గూడ చూడుండ్రి. గాళ్లు గీడికి రాలే. గాళ్లకు గీ మీటింగ్ ఉన్నదనే తెల్వదు."

అధికారి కళ్లజోడు పెట్టుకుని ఏదో రాసుకున్నారు.

ఆ తర్వాత

ఆ రకం బట్ట మీద నిబంధన పొడిగించలేదు. మురళీధర్ మాట వల్లనా, ఢిల్లీలో ఇంకేదైనా లెక్క వల్లనా, నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పుకోవడం ఈ వృత్తిలో చాలామందికి అలవాటు. మీరు చెయ్యకండి. మన మాట ఎక్కడ తగిలిందో మనకి తెలియదు.

తలుపు తెరిస్తే అన్నీ వెనక్కి రావు. బొంబాయి ఎగుమతిదారు రాలేదు, అతనికి వేరే చోట కుదిరిపోయింది. రజియా కూడా మాల్ ఉద్యోగంలోనే ఉండిపోయింది. సంఘంలో మురళీధర్‌ని పలకరించేవాళ్లు తగ్గారు. ఒకసారి నాతో అన్నాడు: "ఫికర్ లేదు మేడం. పొద్దుగూకితే మగ్గం చప్పుడు వినబడుతున్నది. గది చాలు." కానీ పెళ్లిపిలుపులు కూడా తగ్గాయని వాళ్లావిడ చెప్పింది. నిజాయితీకి ఖర్చు ఉంటుంది. దాన్ని తక్కువ చేసి చెప్పడం అతనికి అన్యాయం చెయ్యడమే.

నేను విరమించబోయే ముందు విడిపించిన సరుకుల్లో షహనాజ్ నల్లబట్ట ఒకటి. మస్కట్‌లో ఒక దుకాణాన్ని తనే వెతుక్కుంది. ఈసారి నేరుగా తనే ఎగుమతిదారు. లారీతో పాటు నేనూ నాంపల్లి గల్లీకి వెళ్లాను. మురళీధర్ అప్పటికే అక్కడున్నాడు, గౌన్ల బట్ట దింపడానికి వచ్చాడట. కత్తిరించే పెద్ద బల్ల మీద ఒక పక్క కొరియా తాన్లు, ఇంకో పక్క అతని తాన్లు. రెండూ నలుపే. తెలియనివాళ్లకి తేడా కనిపించదు. షహనాజ్ ఫోను పట్టుకుని మా ఇద్దర్నీ దగ్గరికి రమ్మంది.

నైరోబీ నుంచి ఎవరో ఒకాయన ఆమెకి సందేశం పంపాడు. యూనివర్సిటీ పట్టాల పండక్కి గౌన్లు కావాలట. ఫలానా మందం, ఫలానా కుచ్చు అని అడిగాడు. అతను అడుగుతున్నది మురళీధర్ నేసిన బట్ట.

"నైరోబీ ఏడుంటది మేడం?"

ఫోనులోనే చూపించాను. ముగ్గురం వంగి చూశాం. మధ్యలో బోలెడంత నీలం.

"గాడ మనకు తెలిసినోళ్లున్నరా?" అన్నాడు మురళీధర్.

"నాకెవరు లేరు," అంది షహనాజ్. "మేడం, మీరేమన్న చెప్పిన్రా?"

లేదన్నాను. నిజంగానే నేను ఎవరికీ చెప్పలేదు. ఏ ఆఫీసూ చెప్పలేదు, ఏ సంఘమూ చెప్పలేదు. ఎవరో వేసుకున్న గౌను ఎవరో చూసి ఉంటారు. ఎక్కడ కుట్టారని అడిగి ఉంటారు. ఎవరి నోట్లోంచి ఎవరి చెవిలోకి వెళ్లి సముద్రం దాటిందో కనుక్కునే దారి లేదు. మిషన్ల దగ్గరి ఆడవాళ్లు కుట్టు ఆపి మా వైపు చూస్తున్నారు.

మురళీధర్ తన తాను మీద చెయ్యి పెట్టి, అలాగే ఉంచాడు.

"మరి ఎవరు చెప్పిన్రక్కా గాయనకు, మన గురించి?"

"ఏమో అన్నా," అంది షహనాజ్. అప్పటికే సుద్దముక్క తీసి, అతని చెయ్యి పక్కనుంచే గీత గీయడం మొదలుపెట్టింది. "జర చెయ్యి తియ్యి. కొయ్యాలె."